పన్నెండు అంజీరు కొమ్మలు

ఆ ఆదివారం పొద్దున నేను నా తప్పును తీసుకెళ్లి మా ఆవిడ నెత్తిన పెట్టాను. మేం కిరాయికున్న ఇంటి ముసలమ్మ, ఆవిడ కొడుకు, పక్క వాటాలో ఉండే ఇద్దరు తోటికోడళ్లు అందరూ పెరట్లో నిలబడి ఉన్నారు. గోడ వారగా నేను నాటిన పన్నెండు అంజీరు కొమ్మలూ ఎండిపోయి ఉన్నాయి. "ఎట్లా పోయినయ్ సారూ?" అని కొడుకు అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఈవిడే. నీళ్లు ఎక్కువ పోసి పాడుచేసింది" అన్నాను.

మా ఆవిడ చేతిలో చెంబు ఉంది. నా వైపు ఒకసారి చూసి, దాన్ని బట్టలుతికే బండ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కొమ్మలు ఎందుకు చచ్చాయో అప్పటికి నాకు నిజంగా తెలియదు. ఆవిడ వల్ల మాత్రం కాదని తెలుసు.

అవి డెబ్బయ్యో దశకం మొదటి ఏళ్లు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఒక ప్రభుత్వ కర్మాగారంలో లేతు మీద పనిచేసే టర్నరుగా చేరాను. క్వార్టర్లు అందరికీ దొరికేవి కావు. పటాన్‌చెరు బజారులో ధాన్యం వ్యాపారం చేసే ఒక కుటుంబం ఇంట్లో వెనక వాటా తీసుకున్నాం. ముందు వైపు వాళ్ల కొట్టు, మధ్యలో ఇల్లు, వెనక పెరడు. ఆ పెరట్లో ఒక అంజీరు చెట్టు ఉండేది.

మా వైపు నేను ఆ చెట్టును ఎన్నడూ చూడలేదు. ఆకు అరచేతి కంటే పెద్దది, ముట్టుకుంటే గరుకు. ఎక్కడ గిల్లినా పాలు కారతాయి. కాయలు మేడికాయల్లాగే కొమ్మకు అంటిపెట్టుకుని కాస్తాయి. ముసలమ్మ భర్త పత్తి బేరానికి ఔరంగాబాదు వైపు వెళ్లి, వచ్చేటప్పుడు ఒక కొమ్మను తడి గోనెలో చుట్టి తెచ్చి నాటాడట. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో జరిగిన సంగతి అది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పండ్ల రోజుల్లో ఆవిడ పొద్దున్నే చెట్టు కింద నిలబడి, మెత్తబడ్డ పండును రెండు వేళ్లతో తిప్పి తీసి, కొంగుతో తుడిచి, ఇంట్లో అందరికంటే ముందు మా ఆవిడకి ఇచ్చేది. "తిను బిడ్డా, కిరాయికున్నోళ్లు గూడ ఇంటోళ్లే" అనేది.

కొడుక్కి బస్తాలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. పెరట్లో రేకుల షెడ్డు వేద్దామంటే చెట్టు సరిగ్గా మధ్యలో ఉంది. దాని వేళ్లు అప్పటికే ఇంటి వెనక బండల్ని పైకి లేపుతున్నాయి. తల్లీకొడుకులు దాని గురించి ఏడాదిగా వాదించుకుంటున్నారు. చివరికి ముసలమ్మ ఒక షరతు పెట్టింది.

"దీని కొమ్మ ఇంకో జాగల బతకాలె. బతికిందని నా కండ్లతోని సూసినంకనే గొడ్డలి పట్టు. లేకపోతే నీ షెడ్డు లేదు, ఏం లేదు."

ఆ మాట విని నేను ముందుకు వచ్చాను. ఎవరూ నన్ను అడగలేదు. మా కర్మాగారం తోటలో పనిచేసే ముసలి తోటమాలి అదే ఊళ్లో ఉండేవాడు. అందరూ చాచా అనేవాళ్లు. బస్సులో ఈ సంగతి చెబితే, "నేనొచ్చి పెడ్తా సాబ్, ఆదివారం ఖాళీనే" అన్నాడు. "ఇనుమును నూలుపోగంత తేడా లేకుండా కోసేవాణ్ణి. కొమ్మ కోయడానికి నువ్వెందుకు చాచా?" అని నవ్వాను. బస్సులో నా పక్కవాళ్లు కూడా నవ్వారు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

చలి వెనకబడుతున్న రోజులు. చెట్టు ఆకు రాల్చి ఉంది. నేను బొటనవేలంత లావున్న కొమ్మలు ఎంచుకుని, కర్మాగారం నుంచి తెచ్చుకున్న స్కేలు పెట్టి కొలిచి, హాక్సా రంపంతో కోశాను. పన్నెండు ముక్కలు, ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాలు. ఒకదాని పక్కన ఒకటి పెడితే అన్నీ సమానంగా ఉన్నాయి. రంధ్రంలోకి దిగాల్సిన పిన్నుకు కింది మొన కాస్త సన్నగా చెయ్యడం మా పనిలో పద్ధతి, అప్పుడది సులువుగా దిగుతుంది. కొమ్మ కూడా నేలలోకి దిగాల్సిందే కదా అనుకున్నాను. ప్రతి ముక్కకూ సన్నగా ఉన్న కొసను చూసి, దాన్నే ఆకురాయితో ఇంకా సన్నగా చెక్కాను. తాడు కట్టి, వరస తప్పకుండా, కర్ర సుత్తితో మెల్లగా కొట్టి దింపాను. పాలు అంటి రెండు చేతులూ దురద పెట్టాయి. అయినా ఆ వరసను చూసుకుంటే నాకు పండగలా ఉంది. ముసలమ్మ వచ్చి చూసి, "గోడకు మేకులు గొట్టినట్టు గొట్టినవ్ గదా బాబూ" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

నీళ్లు పోసే పని మా ఆవిడ తీసుకుంది. నేను ఆరింటి బస్సుకు వెళ్లి సాయంత్రం వచ్చేవాణ్ణి. ఆవిడ వీధి చివరి బోరింగు కొట్టి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, ఇంటి అవసరాలు పోగా మిగిలినవి చెంబుతో కొద్దికొద్దిగా పోసేది. మూడు వారాలకు కొమ్మల మీద చిన్న చిన్న ఆకులు విచ్చుకున్నాయి. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆ సాయంత్రం మా ఆవిడ వంగి చూస్తూ, "ఏమండీ, ఈ చిగుళ్లు నేలచూపులు చూస్తున్నాయేంటండీ?" అని అడిగింది.

"కొత్తపెళ్లికూతుళ్లు కదా, సిగ్గు" అన్నాను.

"జోకులొద్దు. పైకి రావాల్సిన చిగురు కిందకి వస్తుందేంటి? ఎవరినైనా అడగకూడదూ?"

"పన్నెండింటికి పన్నెండూ చిగురేశాయి. ఇంకా అడిగేదేముంది?"

ఆ రాత్రి భోజనాలు కాగానే ముసలమ్మ దగ్గరికి వెళ్లి, కొమ్మలు బతికాయని, ఇక నిశ్చింతగా ఉండమని చెప్పాను. ఆవిడ పొద్దున్నే వచ్చి ఒక్కొక్క ఆకునూ వేలితో తాకి చూసింది. "నువ్వు సదువుకున్నోడివి. నువ్వు బతికినయంటే బతికినట్టే" అని, ఇంట్లో వాళ్లందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టింది. నేను కూడా తిన్నాను. రెండు రోజుల తర్వాత కొడుకు మనుషుల్ని పిలిపించి చెట్టు కొట్టించాడు. మొదలు తవ్వించి, ఆ చోట మొరం పోసి, దిమ్మిస కొట్టించాడు. చెట్టు పడేటప్పుడు ముసలమ్మ చూడలేదు. కొట్టులో కూర్చుని కందులు జల్లెడ పట్టుకుంది.

తర్వాతి వారం నుంచే ఆకులు వాలడం మొదలైంది. ఎండకు అనుకున్నాను. ఆకులు ముడుచుకుని రాలిపోయాయి. చెట్టు కొట్టిన పదో రోజుకు కొమ్మలు పైనుంచి ముడతలు పడ్డాయి. పన్నెండో రోజు ఆదివారం. ఆ రోజే ముసలమ్మ చూసింది, కొడుకును పిలిచింది, నేను ఆ మాట అన్నాను.

ముసలమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఖాళీ అయిన చోటు వైపు చూసి, "సరే, ఇగ ఏం జేస్తం" అని వెళ్లిపోయింది. రెండు ఎండు కొమ్మలు పీకి, పాత పేపర్లో చుట్టుకుని, చాచా ఇంటికి నడిచాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. పేపరు విప్పి ఒక కొమ్మను అటూ ఇటూ తిప్పాడు. నేను చెక్కిన మొన దగ్గర వేలు ఆగింది.

"ఇదేంది సాబ్? పెన్సిల్ లెక్క చెక్కిన్రు?"

"నేలలోకి దిగడానికి."

"గీ దిక్కు నేలలకా?" అని నా మొహంలోకి చూశాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గోటితో ఒక గుండ్రటి మచ్చను చూపించాడు. "గిది ఆకు రాలిన జాగ. దీని మీదనే చిగురొచ్చే కన్ను ఉంటది. మచ్చ కింద, కన్ను మీద. గట్ల పట్టుకోవాలె. మీరు కన్ను కిందికి, మచ్చ మీదికి పెట్టిన్రు. పన్నెండు గిట్లనేనా?"

"పన్నెండూ ఇట్లాగే."

"యా అల్లా. అన్నింటికి తల నేలల బెట్టిన్రు సాబ్. లోపల ఉన్న పాలతోని నాలుగు ఆకులేసింది పాపం. వేరు రాలేదు. ఇగ ఎంత దినం బతుకుతది?"

"నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను" అన్నాను, ఇంకా వదలకుండా.

ఆయన కొమ్మ మొనను ముక్కు దగ్గర పెట్టుకుని నాకూ చూపించాడు. "ఎక్కువైతే నల్లగైతది, కంపు గొడ్తది. ఇది ఏం లేదు. నీళ్లు ఎవరు పోసిన్రో గాని మంచిగనే పోసిన్రు."

తర్వాత నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఈ సంగతి మన మధ్యే ఉండనీ చాచా" అన్నాను.

"నాకేం పని సాబ్ మీ ఇంటి సంగతితోని" అన్నాడు ఆయన, కొడవలి మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "కాని, నీళ్లు పోసిన ఆమెకు తెల్వదా, తను ఎన్ని పోసిందో?"

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వంట చేసి, నాకు కంచం పెట్టి, తను చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అన్నం కలుపుకోకుండానే చెప్పాను. కొమ్మల్ని తలకిందులుగా నాటాననీ, ఆవిడ తప్పు ఏమీ లేదనీ, అది నేను ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసనీ. చాచాను నోరు మూసుకోమన్న సంగతి కూడా చెప్పాను.

ఆవిడ చేట దించలేదు. "నాకు చెప్పటం దేనికండీ? నాకు తెలుసుగా. తెలియనివాళ్లకి చెప్పండి" అంది. ఒక రాయి ఏరి పక్కన పడేసి, "ఇందాక నీళ్లకి వెళ్తే బోరింగు దగ్గర ఒకావిడ బిందె పక్కకు జరుపుకుంది. 'నీ చెయ్యి తాకితే చెట్టే ఎండిందట గదా అక్కా, మా బోరింగు జెర ఇడిసిపెట్టు' అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను" అంది.

అన్నం తిని నేరుగా ముసలమ్మ దగ్గరికి వెళ్లాను. కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. నిలబడే చెప్పాను. కొమ్మలు తలకిందులుగా నాటింది నేను, బతికాయని మాట ఇచ్చింది నేను, ఆ మాట మీదే చెట్టు పోయింది, పైగా ఏ పాపం తెలియని మనిషి మీద నింద వేశాను. కొడుకు నవ్వు ఆపుకోలేక తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ముసలమ్మ నవ్వలేదు.

"చెట్టు పోయిందంటే పోయింది. నీకు తెల్వక జేసినవ్. కాని ఆ పిల్లనెందుకంటివి బాబూ? నేను గూడ నమ్మితిని గదా. పొద్దటి సంది ఆమె మొఖం సూడబుద్ది గాలే నాకు."

నేను తల ఎత్తలేదు. కొట్టిన కొమ్మలు ఏమయ్యాయని అడిగాను. పొయ్యిలోకి పనికిరావని, భానూర్ నుంచి ధాన్యం తెచ్చే బండి మనిషి తన వంగతోట చుట్టూ కంచెకు తీసుకెళ్లాడని కొడుకు చెప్పాడు. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. పక్క వాటా వాళ్ల సైకిలు అడిగి తీసుకుని బయల్దేరాను.

ఎండ బాగానే ఉంది. దారి పొడుగునా ఎర్రమట్టి, తుమ్మలు. భానూర్‌లో బండి మనిషి ఇల్లు పట్టుకుని తోటకి వెళితే, నీళ్ల కాలువ పక్కన కొమ్మలు గుచ్చి ఉన్నాయి. సగం మేకలు చీకేశాయి. సంగతంతా విని, "దీనికోసం పటాన్‌చెరు నుంచి తొక్కుకుంటొచ్చిన్రా సారూ?" అని ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఒక్కొక్క కొమ్మనూ బొటనవేలి గోటితో గీరి చూశాం. చాలా వాటికి బెరడు కింద గోధుమరంగే వచ్చింది. కాలువ తడి తగిలిన కొన్నింటికి పచ్చగా ఉంది, పాలు కూడా కారాయి. అందులోంచి ఏడు ముక్కలు దొరికాయి. కోసే ముందు ప్రతి కొమ్మ పైకొసకీ బండి మనిషి దగ్గర తీసుకున్న ఎర్ర దారం కట్టాను. ఆయన తడి గోనె ఇచ్చాడు.

చీకటి పడేలోగా చాచాను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాను. ఈసారి నేను అందించేవాణ్ణి మాత్రమే. ఆయన కింది కొసను అడ్డంగా, పై కొసను ఏటవాలుగా కోశాడు. "గిట్ల కోస్తే రేపు ఎవడొచ్చినా తల ఏదో కాళ్లేవో తెలుస్తది" అన్నాడు. మా ఆవిడ ఏడు పాత డాల్డా డబ్బాలు ఇరుగుపొరుగు నుంచి పోగుచేసింది. నేను అడుగున మేకుతో చిల్లులు పొడిచాను. ఇసుక, మట్టి, ఎరువు కలిపి నింపి, రెండు కళ్లు మట్టిపైకి ఉండేలా కొమ్మలు నాటి, మా గుమ్మం పక్క నీడలో పెట్టాం. చాచా వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో, "నీళ్లు మీరు పోసినట్టే పొయ్యున్రి బేటీ, సాబ్‌ను పొయ్యనియ్యకున్రి" అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఆవిడ నిజంగా నవ్వింది.

మర్నాడు పొద్దున బస్సు కంటే ముందే లేచి రెండు బిందెలు తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లి వరసలో నిలబడ్డాను. ఆ వీధిలో మగవాళ్లు బోరింగు దగ్గరికి వచ్చేది స్నానానికే. ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారి మాటలు ఆపేశారు.

"ఏంది సారూ, అక్కకు పానం మంచిగ లేదా?" అని ఒకామె అడిగింది. బిందె జరుపుకున్నది ఆమే అని తర్వాత తెలిసింది.

"బాగానే ఉందమ్మా. మీకో మాట చెప్పాలని వచ్చాను. చెట్టు ఎండింది మా ఆవిడ చేతి వల్ల కాదు. కొమ్మల్ని నేనే తలకిందులుగా నాటాను. తప్పించుకోవడానికి ఆవిడ మీద చెప్పాను."

బోరింగు కొట్టే ఆమె చెయ్యి ఆగింది. తర్వాత వెనకనుంచి ఒక ముసలావిడ, "తలకిందులా? కంపెనీల మిషిన్లు గూడ గట్లనే పెడ్తవా బిడ్డా?" అంది. ఇక వాళ్ల నవ్వు ఆగలేదు. ఒకామె నవ్వి నవ్వి బిందె మీద కూర్చుండిపోయింది. మొదట అడిగినామె, "నేను అక్కను ఊకెనే అంటి సారూ. ఇయ్యాలనే ఇంటికొచ్చి మాట్లాడ్త" అంది. నా వంతు వచ్చినప్పుడు ఎవరూ సాయం పట్టలేదు. రెండు బిందెలూ నేనే కొట్టుకుని మోసుకొచ్చాను. ఆ ఎండాకాలమంతా పొద్దుటి నీళ్లు నా పనే అయింది. "తలకిందుల సారొచ్చిండు, జరగున్రి" అని దారి ఇచ్చేవాళ్లు. ఆ పేరు నాకు చాలాకాలం ఉంది. నేను దాన్ని కాదనలేదు.

డబ్బాల్లో చిగుళ్లు వచ్చాయి. ఈసారి ఆకాశం వైపే చూస్తున్నాయి. కొడుకు అటు వెళ్తూ, "ఏం సారూ, బతికినట్టేనా?" అని అడిగితే, "నన్నడగొద్దు. ఆవిడని అడగండి" అనేవాణ్ణి. ఆవిడ మాత్రం, "ఇంకా తెలియదండీ" అనేది. ఏడింట్లో రెండు వాడిపోయాయి. మిగతా వాటికి ఆకులు అరచేతి వెడల్పయినా ఆవిడ పెదవి విప్పలేదు. తొలకరి పడ్డాక ఒక పొద్దున డబ్బాను రెండు చేతులతో ఎత్తి అడుగు చూసింది. నేను పొడిచిన చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. నాకు చూపించి, ఆ డబ్బాను అట్లాగే పట్టుకుని ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"మామ్మగారూ, ఇప్పుడు బతికిందండీ" అంది.

ముసలమ్మ వేళ్లను చూసింది, ముట్టుకోలేదు. "అమ్మా, ఎంత తెల్లగున్నయే" అని, డబ్బాను కాదు, మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నువ్వే పెట్టు బిడ్డా, నీ చేత్తోని."

పెరటి మూల పూడిపోయిన పాత బావి పక్కన చోటు ఆవిడే చూపించింది. గుంత నేను తవ్వాను. "గుంతకు గూడ స్కేలు పట్టుకొస్తిరా సారూ?" అని కొడుకు పక్కన నిలబడి ఆటపట్టించాడు. మా ఆవిడ మొక్కను దింపి మట్టి కప్పింది.

ఇంకా నాలుగు డబ్బాలు మిగిలాయి. ఆ వారంలో వాటిని నేనే మోసుకెళ్లి ఇచ్చాను. ఒకటి భానూర్ బండి మనిషికి, ఒకటి బోరింగు దగ్గర బిందె జరుపుకున్నామెకి, మిగతా రెండూ ఆ ఆదివారం పెరట్లో నిలబడి నా మాట విన్న తోటికోడళ్లకి. ప్రతి గుమ్మం ముందూ మొదటి పన్నెండు కొమ్మల సంగతి, నేను మా ఆవిడని అన్న మాట మళ్లీ మొదటినుంచి చెప్పి, ఆ తర్వాతే డబ్బా చేతికిచ్చాను.